గోడలకు బొమ్మలు వేసిన పిల్లల కూలి ఇప్పించండి: మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన నైపుణ్యాభివృద్ధి శాఖ మంత్రి గారికి,

నమస్కారం. నేను నెల్లూరులో డ్రాయింగ్ టీచరును. డ్రాయింగ్‌లో లోయర్, హయ్యర్ గ్రేడ్ పరీక్షలకు పిల్లలను తయారు చేస్తాను. నా దగ్గర పెన్సిల్ పట్టుకోవడం నేర్చుకున్నవాళ్లలో కొందరు కడప, విశాఖ వెళ్లి బీఎఫ్‌ఏ, అంటే చిత్రకళలో డిగ్రీ, చదివి వచ్చారు. ఆత్మకూరు, కావలి, పొదలకూరు, ఉదయగిరి వైపు పల్లెల నుంచి వచ్చిన పిల్లలే ఎక్కువ. వాళ్లు చేసిన పనికి రావలసిన డబ్బు ఇప్పించమని అర్జీలు పెట్టి పెట్టి విసిగిపోయాం. కార్యాలయాల్లో మా మాట ఎవరూ చెవిన పెట్టలేదు కనుక నలుగురూ చదివేలా ఈ లేఖ రాస్తున్నాను. మీకు ఎన్ని పనులున్నా దయచేసి చివరిదాకా చదవండి.

పథకాల గురించి మీకు నేను చెప్పవలసింది ఏమీ లేదు. శిక్షణ తరగతులు, సర్టిఫికెట్లు, ప్రదర్శనల్లో స్టాళ్లు అన్నీ మీకు తెలిసినవే. ఆ సర్టిఫికెట్ చేతికి వచ్చిన తర్వాత ఏం జరుగుతోందో మాత్రం మీ దాకా వచ్చినట్టు లేదు. శిక్షణ పొందిన పిల్ల పని చేస్తుంది, పని చేయించుకున్నవాళ్లు డబ్బు ఇవ్వరు. ఈ ఒక్క విషయం సరిచేయకుండా ఎన్ని తరగతులు పెట్టినా మా పిల్లలకు అన్నం పుట్టదు.

పట్టణాన్ని అందంగా తీర్చిదిద్దడానికి గోడల మీద బొమ్మలు వేయించాలని ఒక ప్రభుత్వ శాఖ అనుకుంది. ఆ పని ఒక ఏజెన్సీకి అప్పగించింది. ఏజెన్సీ దాన్ని ఇంకొకరికి ఇచ్చింది. ఆ ఇంకొకరు మా దగ్గరికి వచ్చి, "మేడమ్, మీ పిల్లలకు ఇది మంచి అవకాశం. అడుగు లెక్కన డబ్బులిస్తాం. గోడ కింద వాళ్ల పేర్లు కూడా రాయిస్తాం" అన్నారు. సర్కారు పని కదా, డబ్బుకు ఢోకా ఉండదు అని పిల్లల తల్లిదండ్రులు కూడా సంతోషించారు.

ఆ పని ఎలా ఉంటుందో మీకు చెప్పాలి. కారులో వెళుతూ చూసేవారికి బొమ్మ కనిపిస్తుంది గానీ పని కనిపించదు. ముందు పాత సున్నం గీకాలి. పెచ్చులు ఊడినచోట పుట్టీ పట్టించాలి, ఆరాక ప్రైమర్ కొట్టాలి. కాగితం మీద వేసుకున్న బొమ్మకు గళ్లు గీసి, అవే గళ్లు గోడ మీద పెద్దవిగా వచ్చేలా దారానికి రంగు పొడి రుద్ది గీతలు కొట్టాలి. పరంజా ఎక్కినవాళ్లకు బొమ్మ మొత్తం కనిపించదు, ముక్కు దగ్గర ఉన్న గడి ఒక్కటే కనిపిస్తుంది. కిందికి దిగి, రోడ్డు దాటి, అటువైపు నిలబడి చూసి, మళ్లీ ఎక్కాలి. అది పడమటి ముఖం గోడ, పైగా నెల్లూరు ఎండలు. మధ్యాహ్నం దాటితే గోడ పెనంలా కాలుతుంది. కుంచెలో రంగు గోడకు తగిలేలోపే గట్టిపడుతుంది. అందుకని పిల్లలు తెల్లవారకముందే వచ్చి ఎండెక్కేదాకా వేసేవారు. మళ్లీ సాయంత్రం మొదలుపెట్టి వీధిదీపాల వెలుగులో కొనసాగించేవారు.

పులికాట్ ఫ్లెమింగోలను వేసిన అమ్మాయి గురించి చెబుతాను. ఆ పక్షి గులాబీ రంగు డబ్బాలో దొరకదు. తెల్ల ఎమల్షన్ గోడ రంగులో ఎర్ర స్టెయినర్, అంటే కలుపుకునే చిక్కటి రంగు, చుక్కలు చుక్కలుగా వేసి, రవ్వంత పసుపు కలిపి, రెక్క అంచుకు ఒక ఛాయ, మెడకు ఒక ఛాయ తెప్పించింది. తడిగా ఉన్నప్పుడు ఒకలా, ఆరాక ఇంకోలా ఉంటుందని ముందు గోడ మూల కొంచెం పూసి, ఆరనిచ్చి, అప్పుడు కలుపుకునేది. పెద్ద డబ్బాలు వాళ్లే ఇచ్చారు. స్టెయినర్లు, సన్న కుంచెలు పిల్లలే కొనుక్కున్నారు, బిల్లుతో పాటు ఇస్తామన్నారు కాబట్టి. ఆ అమ్మాయి తండ్రి ఆటో నడుపుతాడు. ఆ డబ్బు ఆయన జేబులోదే.

పని పూర్తయింది. పెద్దలు వచ్చారు, ఫొటోలు దిగారు, పత్రికల్లో వేయించుకున్నారు. గోడ కింద ఏజెన్సీ పేరు పెద్ద అక్షరాలతో పడింది. పిల్లల పేర్లకు చోటు చాలలేదన్నారు. డబ్బు అడిగితే బిల్లు పైకి వెళ్లిందన్నారు. కొన్నాళ్లకు బడ్జెట్ విడుదల కాలేదన్నారు. ఆ తర్వాత కొలతలు మళ్లీ తీయాలన్నారు. చివరికి ఫోను ఎత్తడం మానేశారు. శాఖ కార్యాలయానికి వెళితే అక్కడి ఉద్యోగి రికార్డు తిరగేసి, "ఇందులో మీ పిల్లల పేర్లు ఎక్కడా లేవమ్మా, వర్క్ ఆర్డర్ ఏజెన్సీ పేరు మీద ఉంది, మాకు సంబంధం లేదు" అన్నాడు. ఆయన తప్పేమీ లేదు. కాగితం మీద నిజంగానే లేవు. గోడ మీదా లేవు.

సోమవారం అర్జీల రోజున వరుసలో నిలబడి అర్జీ ఇచ్చాం. రసీదు ఇచ్చారు. కొన్ని రోజులకు ఫోనుకు సందేశం వచ్చింది: మీ అర్జీ పరిష్కరించబడింది అని. ఏం పరిష్కరించారు? ఒక్క రూపాయి రాలేదు, ఒక్కరూ పిలిచి మాట్లాడలేదు. మళ్లీ అర్జీ పెట్టాం, మళ్లీ అదే సందేశం. మంత్రి గారూ, అర్జీ తిరస్కరించామని రాసినా ఇంత బాధ ఉండేది కాదు. తీరని కష్టాన్ని తీరిపోయిందని లెక్కలో రాసుకుంటే ఇక మేం ఎవరికి చెప్పుకోవాలి?

చిన్న, సూక్ష్మ పరిశ్రమల వారికి 45 రోజుల్లోపు డబ్బు చెల్లించాలని, ఆలస్యం చేస్తే బ్యాంకు రేటుకు మూడు రెట్ల చక్రవడ్డీ కట్టాలని 2006 నాటి చట్టం చెబుతోంది. ఈ మాట తెలిసి నేను ఎంతో ఆశపడ్డాను. కానీ ఆ తలుపు తట్టాలంటే చిన్న పరిశ్రమగా నమోదైనట్టు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉండాలి, చేతిలో పని ఇచ్చినట్టు కాగితం ఉండాలి. చదువు ముగించుకుని అప్పుడే బయటికి వచ్చిన పిల్లలకు ఇవన్నీ ఎవరు చెప్పారు? మీ శిక్షణ తరగతుల్లో రంగుల గురించి చెబుతారు, కంప్యూటర్‌లో డిజైన్ చేయడం నేర్పుతారు. పని ఒప్పుకునే ముందు ఒప్పంద పత్రం రాయించుకోవాలని, కొంత ముందుగా తీసుకోవాలని, బిల్లు ఇలా రాయాలని ఒక్క పూట అయినా చెప్పించండి. బొమ్మ గీయడం మేం నేర్పుకుంటాం. డబ్బు రాబట్టుకునే దారి మీరు చూపండి.

ఆ గోడ సంగతి అంతటితో అయిపోలేదు. కొంతకాలానికి ఏదో సభ వచ్చింది, ఫ్లెమింగోల మీద ఫ్లెక్సీలు మేకులు కొట్టి బిగించారు. ఆ తర్వాత సగం గోడకు సున్నం వేశారు. ఎవరినీ అడగలేదు. ఢిల్లీ విజ్ఞాన్ భవన్‌లో శిల్పి అమర్‌నాథ్ సెహగల్ చేసిన భారీ కంచు కుడ్యశిల్పాన్ని ప్రభుత్వం 1979లో తొలగించి గోదాములో పడేస్తే ఆయన కోర్టుకు వెళ్లారు. 2005లో ఢిల్లీ హైకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పి, 5 లక్షల రూపాయల పరిహారం ఇమ్మంది, శిల్పాన్ని తిరిగి ఇచ్చేయమంది. పని అమ్ముడుపోయినా దాని మీద కళాకారుడికి ఉండే హక్కు పోదని కాపీరైట్ చట్టం 57వ సెక్షన్ చెబుతోంది. అంతటి శిల్పికే అన్నేళ్లు పట్టింది. ఆటో డ్రైవరు కూతురు ఏ కోర్టుకు వెళుతుంది? పేరు రాయండి అని మేం అడుగుతున్నది చట్టంలో ఉన్నదే. తీసేసే ముందు ఒక మాట చెప్పండి అని కూడా అడుగుతున్నాం.

పోటీల గురించి కూడా ఒక మాట. లోగో కావాలన్నా, పోస్టర్ కావాలన్నా విద్యార్థులకు పోటీ పెడతారు. వందల మంది రాత్రిళ్లు మేలుకుని గీస్తారు. ఒకరికి బహుమతి, మిగతావారికి పాల్గొన్నట్టు సర్టిఫికెట్. పంపిన బొమ్మలన్నీ నిర్వాహకుల సొంతం అని నిబంధనల్లో చిన్న అక్షరాలతో ఉంటుంది. డాక్టరును, ఇంజనీరును ముందు పని చేసి చూపించండి, నచ్చితే ఒకరికి డబ్బిస్తాం అని ఎవరైనా అడుగుతారా? మా పిల్లలనే ఎందుకు అడుగుతారు?

ఉద్యోగం చేసుకుని బతకరాదా అని మీరు అడగవచ్చు. ఏ ఉద్యోగం? నా పిల్లలు డ్రాయింగ్ హయ్యర్ పాసై, వేసవిలో 42 రోజుల టీటీసీ (టెక్నికల్ టీచర్ సర్టిఫికెట్) శిక్షణ పూర్తి చేసి కూర్చున్నారు. వందమందికి మించి పిల్లలున్న ప్రాథమికోన్నత స్థాయి బడిలో చిత్రకళకు పార్ట్ టైమ్ బోధకుడు ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం షెడ్యూలులోనే ఉంది. మన జిల్లాలో ఎన్ని బడుల్లో ఉన్నారో మీ శాఖ, విద్యాశాఖ కలిసి ఒక జాబితా బయట పెట్టండి. అది చూశాక నేను ఇంకేమీ రాయను.

పీఎం విశ్వకర్మ పథకం 2023లో వచ్చినప్పుడు కూడా ఆశపడ్డాం. అందులో 18 వృత్తులున్నాయి. వడ్రంగి, కుమ్మరి, శిల్పి, బొమ్మల తయారీదారు అందరూ ఉన్నారు. వాళ్లకు రావలసిందే, నాకు సంతోషమే. బోర్డులు రాసే పెయింటరు మాత్రం అందులో లేడు, చిత్రకారుడూ లేడు. ఫ్లెక్సీ వచ్చాక ట్రంకు రోడ్డులో చేత్తో బోర్డులు రాసేవాళ్లు ఏమయ్యారో ఎవరైనా అడిగారా?

ఇంత పని మన చుట్టూ ఉండి కూడా పిల్లలు ఖాళీగా ఉన్నారన్నదే నా బాధ. ఉదయగిరిలో నర్ది, బిక్కి కర్రలతో చెంచాలు, గరిటెలు చెక్కుతారు. దానికి ఆ ఊరి సరుకని చెప్పే భౌగోళిక గుర్తింపు (జీఐ) కూడా ఉంది. పిడి చివర చెక్కే ఆ నగిషీని దగ్గరగా చూడండి, యంత్రం వల్ల అయ్యే పని కాదది. ఆ గరిటె అమ్మకానికి వచ్చేసరికి పాలిథిన్ కవరులో ఉంటుంది. ఎవరు చెక్కారో, ఏ కర్రో, ఎలా కడగాలో చెప్పే చీటీ కూడా ఉండదు. డిజైన్ చదివిన ఒక్క పిల్లను నెల జీతం మీద అక్కడ పెడితే పెట్టె తయారవుతుంది, చీటీ తయారవుతుంది, కొత్త ఆకారాలు వస్తాయి. చెక్కేవాళ్లకూ రేటు పెరుగుతుంది. మార్కాపురం పలకలకూ అంతే.

వెంకటగిరి 2022లో తిరుపతి జిల్లాకు వెళ్లింది గానీ మాకు అది ఎప్పటికీ మన ఊరే. అక్కడి చీరకు గ్రాఫ్ కాగితం మీద గడి గడి నింపుతూ డిజైన్ వేసేవారికి ఒక్కసారి ఇచ్చే చిన్న మొత్తమే మిగులుతుంది. అదే నమూనా బాగా అమ్ముడైతే ప్రింటు చీరగా మార్కెట్లోకి దిగిపోతుంది. రిజిస్టరు చేయించని డిజైన్‌తో హక్కుదారు గానీ, ఆయన అనుమతితో ఇంకొకరు గానీ పారిశ్రామిక పద్ధతిలో యాభై సార్లకు మించి సరుకు తయారు చేస్తే దాని మీద కాపీరైటే ఉండదని చట్టం అంటోంది. అంటే ఎంత బాగా అమ్ముడుపోతే అంత త్వరగా వేసినవారి చేయి జారిపోతుందన్నమాట. రిజిస్టరు చేయించడానికి వ్యక్తులకు రుసుము వెయ్యి రూపాయలే. దరఖాస్తు ఎలా నింపాలో చెప్పే మనిషే ఇక్కడ లేడు. ఆ ఒక్క మనిషిని జిల్లాకు ఇవ్వండి.

అయ్యా, కోపంతో రాశానని అనుకోకండి. కోపం ఉంది, దాచను. కానీ అంతకన్నా భయం ఎక్కువ ఉంది. ఫ్లెమింగోలు వేసిన అమ్మాయి ఇప్పుడు ఒక బట్టల దుకాణంలో బిల్లులు కొడుతోంది. గౌరవమైన పనే, కాదనను. కానీ ఆమె చేతికి ఉన్న విద్య అందరికీ రాదు. తర్వాత బ్యాచ్ పిల్లల తల్లిదండ్రులు నా దగ్గరికి వచ్చి, "టీచరమ్మా, దీంతో బతుకు గడుస్తుందా?" అని అడిగితే ధైర్యంగా అవునని చెప్పాలని ఉంది.

మొట్టమొదట ఆ గోడల డబ్బు ఇప్పించండి. ఏజెన్సీ ఎగ్గొట్టిందో, శాఖ ఏజెన్సీకి ఇవ్వలేదో మీ అధికారులు తేల్చగలరు, మేం తేల్చలేం. ఇక ముందు ప్రభుత్వ గోడ మీద బొమ్మ వేయించే ప్రతి పనిలో వేసేవారి పేర్లు వర్క్ ఆర్డరులోనే ఉండాలని, డబ్బు నేరుగా వాళ్ల ఖాతాలోకే వెళ్లాలని ఉత్తర్వు ఇవ్వండి. చిత్రకళ బోధకుల పోస్టుల గురించి విద్యాశాఖతో మాట్లాడండి. ఉదయగిరికి ఒక డిజైనరును ఇవ్వండి. వీటిలో ఏది ముందు వీలైతే అది చేయండి. గోడల డబ్బు మాత్రం ఆలస్యం చేయకండి, పిల్లలు అప్పు చేసి కుంచెలు కొన్నారు.

పని చేసిన వాళ్లందరి పేర్లు, ఎవరు ఎన్ని అడుగులు వేశారో లెక్క, పని జరుగుతున్నప్పుడు రోజువారీ తీసిన ఫొటోలు, అర్జీల రసీదులు అన్నీ నా దగ్గర ఫైలులో ఉన్నాయి. మీ కార్యాలయం నుంచి ఎవరు పిలిచినా, ఎక్కడికి రమ్మన్నా ఆ ఫైలు పట్టుకుని పిల్లలతో సహా వస్తాను.

ఇట్లు,
ఒక డ్రాయింగ్ టీచరు,
నెల్లూరు.