ఆకుకు చిల్లు పడితే మొక్క వాపసు!

సంపాదకుడు గారికి నమస్కారం.

పార్కుల్లోనూ బడుల్లోనూ సీతాకోకచిలుకల వనాలు పెంచబోతున్నారని మీ జిల్లా పేజీలో చదివాను. సంతోషమే. మాది కడియపులంక, నాన్న కాలం నుంచీ నర్సరీయే. ఇలాంటి వనాలకు మొక్కలు పంపేది మా ఊళ్ల నుంచే కాబట్టి, లారీ ఎక్కుతున్న సరుకేమిటో చెబుదామని రాస్తున్నాను.

ఆర్డరు ఎక్కడి నుంచి వచ్చినా జాబితా ఒకటే. పెంటాస్, లాంటానా, క్యూఫియా, రంగురంగుల ఇక్సోరా. అన్నీ పూల మొక్కలే. రెక్కలొచ్చాక తేనె తాగడానికి అవి చాలు. మరి పుట్టి పెరిగేదెక్కడ? గొంగళిపురుగుకు తేనెతో పనిలేదు, ఆకు కావాలి. అదీ దొరికిన ఆకల్లా ముట్టదు. అందుకే తల్లి వెతుక్కుంటూ వెళ్లి, తన పిల్లలు తినే మొక్క మీదే గుడ్డు పెడుతుంది. ఆ మొక్క లేని తోటకు చిలుకలు చుట్టపుచూపుగా వచ్చి పోతాయంతే.

ఆ మొక్కలేవో తెలియాలంటే వినాయక చవితి పత్రి చూడండి, కొన్ని అందులోనే ఉన్నాయి. అర్కపత్రం, అంటే జిల్లేడు, ప్లెయిన్ టైగర్ అనే సీతాకోకచిలుక పిల్లల తిండి. మారేడు మీద లైమ్ బటర్‌ఫ్లై గుడ్లు పెడుతుంది. గన్నేరు, రావి కామన్ క్రో అనే నల్లచిలుకవి. రేగాకు తినేది కామన్ పియరో. పత్రిలో లేనివాటిలో తంగేడు ఉంది, రేల ఉంది. కొన్ని పసుపురంగు సీతాకోకచిలుకలకు ఆ రెండూ ఉంటే చాలు.

ఈమధ్య కొందరు ఫోన్లో చూసి వచ్చి మిల్క్‌వీడ్ ఉందా అని అడుగుతున్నారు. అది అమెరికా వైపు మొక్క, అక్కడి మోనార్క్ చిలుకకు ప్రాణాధారం. ఇక్కడ ఆ పని చేయడానికి జిల్లేడు ఉంది, కంచెల మీద పాకే దుష్టపుతీగ ఉంది. ఆ మొక్కల పాలలోని విషాన్ని పురుగు ఒంట్లో దాచుకుంటుంది, రెక్కలొచ్చాక కూడా అది పోదు. ఒకసారి నోట పెట్టిన పిట్ట మళ్లీ ప్లెయిన్ టైగర్ జోలికి రాదు. ఇదే అదను అని డానాయిడ్ ఎగ్‌ఫ్లై ఆడచిలుక అచ్చం దాని వేషమే వేసుకుని తిరుగుతుంది, ఒంట్లో విషం లేకపోయినా! దాని పిల్లలు తినేది గంగపావిలికూర. మా కవర్లలో కలుపుగా మొలిస్తే కూలీలను పెట్టి పీకించేది దాన్నే.

అసలు చిక్కు కొనేవాళ్ల దగ్గరుంది. ఒకావిడ కరివేపాకు మొక్క కొనుక్కెళ్లి, పురుగు పట్టిందని తిరిగి తెచ్చారు. చూస్తే లైమ్ బటర్‌ఫ్లై పిల్ల. చిన్నప్పుడు పిట్టరెట్టలా ఉంటుంది, పెద్దయ్యాక పచ్చబడుతుంది, ముట్టుకుంటే నెత్తి మీద నుంచి నారింజరంగు కొమ్ములు చాపి ఘాటు వాసన కొడుతుంది. "కొన్నాళ్లు ఓపిక పట్టండమ్మా, అది ఎగిరిపోతుంది, మొక్క మళ్లీ చిగురేస్తుంది" అన్నాను. వినలేదు. వేరే మొక్క ఇచ్చి పంపాను, వ్యాపారం కదండీ.

మా తోటి నర్సరీల వాళ్లకు కోపం వచ్చినా ఇంకోటి చెప్పాలి. ఆకు నిగనిగలాడాలని ఇమిడాక్లోప్రిడ్ లాంటి పురుగుమందులు వాడతారు. అవి మొక్క లోపలికి ఎక్కి వారాల తరబడి ఉంటాయి. అలాంటి మొక్కను వనంలో నాటితే, మేసిన పురుగు అక్కడే చస్తుంది. మందు పెట్టారా, ఎప్పుడు పెట్టారు అని అడిగి కొనండి.

ఇక కాలువ గట్లు. ఒకప్పుడు గట్టు వాలున నీరుగొబ్బి, పుంతల వెంట ముళ్లగోరింట, చేల అంచున గాడిదగడప ఎవరూ నాటకుండానే ఉండేవి. నీరుగొబ్బి మీద పీకాక్ పాన్సీ, గాడిదగడప మీద క్రిమ్సన్ రోజ్ చిలుకలు పెరిగేవి. (గాడిదగడప మనిషి కడుపులోకి పోతే మూత్రపిండాలకు చేటు, బడితోటల్లో మాత్రం వద్దు.) ఇప్పుడు వేసవిలో కాలువలు కట్టేయగానే గట్ల మీద జేసీబీ, మిగిలినచోట గడ్డిమందు. గ్లైఫోసేట్ అనే గడ్డిమందును లైసెన్సు ఉన్న పెస్ట్ కంట్రోల్ ఆపరేటర్ల చేత తప్ప కొట్టించకూడదని కేంద్రం 2022లో ఉత్తర్వు ఇచ్చింది. మా వైపు స్ప్రేయర్ భుజాన వేసుకున్న ప్రతివాడూ ఆపరేటరే. గట్టు శుభ్రం చేయొద్దనను, నీళ్లు పారాలి. ఈ ఏడు ఒక గట్టు, వచ్చే ఏడు రెండో గట్టు చేస్తే ఏం పోయింది?

వనాల పనులు చూసే అధికారులకు నా మనవి ఇది. టెండరు కాగితంలో రెండు మాటలు కలపండి. సగం మొక్కలు పురుగు తినే స్థానిక రకాలే ఉండాలి. తిన్న ఆకును లోపంగా రాసి బిల్లులో కోత పెట్టకూడదు. ఈ రెండూ ఉంటే మా ఊళ్లో జిల్లేడు కూడా కవర్లలో పెరుగుతుంది. ఈ రోజు అడిగేవాడు లేడు, అందుకని వేసేవాడూ లేడు. పుంతలో ముదిరిన చెట్టును పెరికి తెస్తే తల్లివేరు తెగి బతకడం కష్టం, గింజ నుంచి లేపడమే మేలు. పని చేసేటప్పుడు ఆ పాలు కంట్లో పడకుండా చూసుకోవాలి. కాయలు పగిలి దూదితో గింజ ఎగిరేది ఎండాకాలంలో. కాబట్టి తొలకరికి మొక్క కావాలనుకునేవారు ఫాల్గుణంలోపే ఆర్డరు చెప్పాలి.

ఇట్లు,
ఒక నర్సరీ రైతు,
కడియపులంక, తూర్పుగోదావరి జిల్లా