కోపానికి పర్యాయపదాలు వచ్చు, అలకకూ ఉక్రోషానికీ తేడా?

సంపాదకుడికి,

‘కోపం: ఆగ్రహం, క్రోధం, రోషం.’ పర్యాయపదాలు రాయమంటే బడిపిల్లలు గడగడా రాసేస్తారు, మార్కులూ పడతాయి. అదే పిల్లవాడు ఎవరితోనో గొడవపడి వచ్చి మూల కూర్చున్నప్పుడు ఏమైందిరా అంటే ‘ఏం లేద్సార్’ అంటాడు. ఇంకాస్త గుచ్చితే ‘ఫీలయ్యా’ అంటాడు. ఫీలవడం, టెన్షన్, మూడాఫ్, బోర్, ఈమధ్య డిప్రెషన్... ఈ అయిదు మాటలతోనే హైస్కూలు చదువంతా గడిచిపోతోంది. లెక్కల పరీక్ష ముందు గుబులూ టెన్షనే, చీకటి పడ్డా నాన్న ఇంటికి రాలేదన్న ఆందోళనా టెన్షనే, వేదిక ఎక్కేముందు బెరుకూ టెన్షనే. ఇంగ్లిషు మాట వాడారని మా బాధ కాదు. గుబులు పోవాలంటే నాలుగు లెక్కలు చేసి చూసుకోవాలి, ఆందోళనకు ఒక ఫోన్ చాలు, బెరుకు తగ్గాలంటే ఇద్దరు స్నేహితుల ముందు ఒకసారి చెప్పి చూడాలి. మూడింటినీ ఒకే గాట కట్టేస్తే దేనికేం చేయాలో పిల్లలకు తోచదు.

పర్యాయపదాల అభ్యాసం ‘ఇవన్నీ ఒకటే’ అని నేర్పుతుంది. మనసుకు సంబంధించిన మాటల్ని తేడా చెప్పి నేర్పాలి. ఆరు నుంచి ఎనిమిదో తరగతి దాకా వారానికి ఒక అరపీరియడ్, నాలుగు మాటలు చాలు. పదిచ్చారంటే మళ్లీ బట్టీయే. నాలుగూ ఒకే కుదురులోవి కావాలి: కోపం వారంలో విసుగు, అలక, ఉక్రోషం, కసి. ఒక్కోదాని కింద నాలుగు ప్రశ్నలు వేయాలి. దేనివల్ల వస్తుంది? ఎవరి మీద? ఎంతసేపుంటుంది? ఏం చేయబుద్ధవుతుంది? అలక మనవాళ్ల మీదే వస్తుంది, ఎవరైనా వచ్చి బుజ్జగిస్తారన్న ఆశ అందులోనే ఉంటుంది. ఉక్రోషం ఎదుటివాడికి జవాబివ్వలేని చోట పుడుతుంది, అందుకే కళ్లనీళ్లతో కలిసి వస్తుంది. విసుగుకు మనిషే అక్కర్లేదు, చేసిందే చేస్తుంటే చాలు. కసి అప్పటికప్పుడు అరవదు, అదను కోసం చూస్తుంది. ఈ తేడాలు ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద రాసేయకుండా పిల్లల చేత చెప్పించాలి. చెప్పగలరు కూడా. మాటలు ఇంట్లో విన్నవే, ఎవరూ పక్కపక్కన పెట్టి చూపించలేదంతే.

ఆ తర్వాత ఒక సందర్భం ఇవ్వాలి. ‘కబడ్డీలో ఓడిన జట్టును గెలిచినవాళ్లు ఎగతాళి చేశారు. ఓడిన కుర్రాడికి ఏమనిపించి ఉంటుంది?’ ఒకరు ఉక్రోషమంటారు, ఒకరు కసి అంటారు. కారణం చెబితే ఇద్దరూ ఒప్పే. మాట అందని పిల్లల్ని ఒంటిలో ఏమవుతుందో అడగండి. గొంతు పూడుకుపోయిందా, చెవులు వేడెక్కాయా, అరచేతులు చెమర్చాయా? ఆరో తరగతి వాళ్లకు అక్కణ్నుంచి మొదలుపెట్టడమే సులువు. బాధ వారంలో బెంగ, దిగులు, వెలితి, చిన్నబోవడం పెట్టుకోవచ్చు. హాస్టల్లో చేరిన కొత్తలో సాయంత్రంపూట పట్టుకునేది బెంగ, దాన్ని భయమనుకుని ధైర్యం చెబితే తగ్గదు. సంతోషాన్ని మాత్రం వదిలేయకండి. ఊరట, సంబరం, మురిపెం, ఉబలాటం కూడా ఒక వారానికి సరిపడా ఉన్నాయి. మన అలంకారశాస్త్రం మనసులో నిలిచి ఉండే స్థాయీభావాలు 8 చెప్పి ఊరుకోలేదు, వచ్చిపోయే సంచారీభావాలు 33 లెక్కపెట్టింది. లోపలి భావాన్ని పైకి కనబడనీయకుండా దాచుకోవడానికి కూడా ‘అవహిత్థ’ అని పేరు పెట్టింది. ‘ఏం లేద్సార్’ అదే కదా! అలాగని ఆ సంస్కృత జాబితాను ఏడో తరగతి మీద రుద్దమని కాదు.

ఇది చెడేది మూడు చోట్ల. మొదటిది, ‘నీకు ఎప్పుడు ఉక్రోషం వచ్చింది, లేచి చెప్పు’ అనడం. తరగతిలో బయటపెట్టిన ఇంటి సంగతి సాయంత్రానికి బడంతా ఎగతాళి అవుతుంది, ఆ పిల్ల మళ్లీ నోరు విప్పదు. సందర్భాలు ఎప్పుడూ ఊహించినవి, మూడో మనిషివి అయి ఉండాలి. రెండోది మార్కులు. పరీక్షలోకి ఎక్కిన మరునాడే గైడులో ‘నాకు బెంగ కలిగింది’ అని సొంతవాక్యం అచ్చవుతుంది. మూడోది ప్రాంతీయ పలుకుబడి. తెలంగాణ పిల్లలు రంది, బుగులు, యాష్ట అంటే ఎర్రసిరాతో దిద్ది దిగులు, భయం, చిరాకు రాయించడం. అవి పిల్లలు తమ మనసు చెప్పుకునే మాటలు, వాటిని చార్టులో పక్కనే రాయాలి.

పరిశోధనల మాట కొంచెం. 2007లో అమెరికాలో మాథ్యూ లీబర్‌మన్ బృందం మెదడు స్కానింగ్‌తో చేసిన పరిశోధనలో, ఫొటోలోని ముఖంలో కనిపించే భావానికి పేరు ఎంచుకున్నప్పుడు భయంలాంటి భావాలప్పుడు చురుకయ్యే ఎమిగ్డలా అనే మెదడు భాగం స్పందన తగ్గింది. అది పెద్దవాళ్లకు ఫొటోలు చూపించి చేసిన ప్రయోగం. మాటలు నేర్పితే పిల్లల కష్టాలు తీరతాయని దాన్నుంచి లాగితే అతి. ‘బతకాలనిపించట్లేదు’ అని ఒక పిల్ల అంటే అక్కడ పదజాలం పని అయిపోయింది. సరైన మాట వెతికించకుండా వినాలి, ఒంటరిగా వదలకూడదు, ప్రధానోపాధ్యాయుడికీ ఇంటివాళ్లకూ అదే రోజు చెప్పాలి. 24 గంటలూ పనిచేసే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయవాణి టెలీ మానస్ నంబరు 14416 ప్రతి తరగతి గోడ మీదా ఉండాలి.

ఢిల్లీ ప్రభుత్వ బడుల్లో 2018లో హ్యాపీనెస్ పాఠాలకు ఎనిమిదో తరగతి దాకా విడిగా పీరియడే ఇచ్చారు. మేం అంత అడగడం లేదు. మిగతా పాఠాలు ఇంగ్లిషు మాధ్యమంలోకి వెళ్లిన బడుల్లో పిల్లలు ఇంటి భాషలో మాట్లాడే పీరియడ్ తెలుగు ఒక్కటే మిగిలింది. రెండు తెలుగు రాష్ట్రాల్లో వాచకాలు తయారుచేసే ఎస్‌సీఈఆర్‌టీలూ 6, 7, 8 తరగతుల వాచకాల్లో ప్రతి పాఠం చివర ఒక పర్యాయపదాల అభ్యాసం తీసేసి, ఆ చోట ఇలాంటి సందర్భం ఒకటి, నాలుగు మాటలు, పైన చెప్పిన నాలుగు ప్రశ్నలు అచ్చువేస్తే చాలు. వాచకాలు మారేదాకా ఆగనక్కర్లేదు, చుట్టుపక్కల బడుల ఉపాధ్యాయులు కలిసే స్కూల్ కాంప్లెక్స్ సమావేశంలో ఒక గంట కేటాయించి ఉపాధ్యాయులే తమ ప్రాంతం మాటలతో మొదటి పది వారాల జాబితా తయారు చేసుకోవచ్చు.

— కొందరు తెలుగు భాషోపాధ్యాయులు