వార్షిక నివేదిక: మన పదాల జాబితాకు లైసెన్సు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది కొత్త మాటలు పెద్దగా చేర్చలేదు. ఉన్నవాటి కాగితాలు సరిచేసుకోవడంతోనే సరిపోయింది. స్పెల్‌చెక్ కోసం మనం కూర్చిన హన్‌స్పెల్ (అక్షరదోషాలు పట్టే ఉచిత ప్రోగ్రాము) జాబితా ఇన్నాళ్లూ నెట్‌లో అందరికీ కనబడుతూనే ఉంది గానీ, దాన్ని ఎవరు ఎలా వాడుకోవచ్చో చెప్పే లైసెన్సు ఫైలు లేదు. ఉచితంగానే పెట్టాం కదా అనుకున్నాం. లైసెన్సు రాయకపోతే హక్కులన్నీ జాబితా కూర్చినవాళ్లవే. అలాంటిదాన్ని డెబియన్ (ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వంటి ప్రాజెక్టులు చేర్చుకోవు.

ఒక్కో మాట మీద ఎవరికీ కాపీరైటు ఉండదు, ఏరి కూర్చిన జాబితా మీద ఉంటుంది. అందుకే ఏది ఎక్కడి నుంచి వచ్చిందో వెతికాం. బ్రౌన్ నిఘంటువుకు కాపీరైటు ఎప్పుడో తీరిపోయింది. నెట్‌లో అందరూ కలిసి రాసే నిఘంటువు విక్షనరీ మాటలు క్రియేటివ్ కామన్స్ బీవై-ఎస్ఏ 4.0 అనే లైసెన్సు (పేరు చెప్పి, అదే షరతుతో ఎవరైనా వాడుకోవచ్చు) కింద ఉన్నాయి. వాటిని జీపీఎల్ 3 అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు లైసెన్సులోకి తేవచ్చు, తిరిగి అటు పంపడం కుదరదు. అందుకని మొత్తానికి జీపీఎల్ 3 ఖాయం చేశాం. ఈమధ్య అచ్చయిన ఒక నిఘంటువు నుంచి వరసపెట్టి ఎక్కించిన మాటలు తీసేశాం. టైపు చేసినవారి కష్టం తెలుసు, అయినా తప్పలేదు.

ఎక్కువ రోజులు పట్టింది మాటలు ఇచ్చినవారి సమ్మతి పత్రాలకే. 1957 కాపీరైటు చట్టం ప్రకారం హక్కు ఇచ్చేటప్పుడు ఎంతకాలానికో రాయకపోతే ఐదేళ్లకే అని, ఎక్కడెక్కడికో రాయకపోతే భారతదేశం వరకే అని లెక్క. మన పత్రంలో ‘కాపీరైటు ఉన్నంతకాలం, ప్రపంచమంతటా’ అని చేర్చాం. ఇదివరకు ‘సరే’ అని మెయిల్ పెట్టినవారు కూడా దయచేసి దీన్ని నింపి పంపండి.

కాడి, మేడి, కర్రు, గొర్రు లాంటి సేద్యపు మాటలన్నీ ఎక్కించిన మాస్టారు ఇప్పుడు మన మధ్య లేరు. రచయిత పోయాక 60 ఏళ్లపాటు హక్కు వారసులది. వాళ్లమ్మాయి గారు సంతకం పెట్టడమే కాదు, ఆయన నోటుబుక్కు కూడా తెచ్చి చూపించారు. ఎడమవైపు మాట, కుడివైపు అది ఏ ఊళ్లో ఎవరి నోట విన్నారో. మెటాడేటా (మాట గురించిన వివరాలు) అంటే ఏమిటని అడిగిన సభ్యులకు ఇప్పుడు ఆ పేజీనే చూపిస్తున్నాం.

ఇక ప్రతి ప్రోగ్రాము ఫైలు మొదట్లో హక్కుదారుల పేర్లు, ఎస్‌పీడీఎక్స్ గుర్తు (లైసెన్సు ఏదో చెప్పే పొట్టి గుర్తు) ఉన్నాయి. పదాల ఫైలులో మొదటి వరుస మాటల సంఖ్యకే కేటాయించాలి కాబట్టి అక్కడ ఇంకేమీ రాయలేం. ఆ వివరాలు పక్కన విడి లైసెన్సు ఫైలులో పెట్టాం. లిబ్రెఆఫీస్ (ఉచిత ఆఫీసు ప్రోగ్రాము)కు జోడించే ఎక్స్‌టెన్షన్‌లో ఖాళీగా ఉన్న వెర్షను, లైసెన్సు గడులు కూడా నింపాం.

ఇద్దరు పాత సభ్యుల ఆచూకీ ఇంకా దొరకలేదు. వారి మాటలు పక్కన భద్రంగా ఉంచాం. ఎవరికైనా తెలిస్తే కార్యదర్శికి ఒక్క ఫోన్ చేయండి.