ఇచ్చినవాడికే జమ

అమలాపురం,
ఆదివారం

ఒరేయ్,

మాస్టారి పెద్దకర్మకు నువ్వు రాలేదని అమ్మగారు ఏమీ అనుకోలేదు. ముందు ఆ బెంగ తీసెయ్యి. "మోకాలికి ఆపరేషన్ అయినవాడు భువనేశ్వర్ నుంచి ఎలా వస్తాడు?" అని ఆవిడే నాకు సర్దిచెప్పారు. నీ మోకాలి సంగతి ఆవిడకు ఎవరు చేరవేశారో! మనల్ని ఇంకా "పిల్లలు" అనే అంటున్నారు. "పిల్లలందరి భోజనాలూ అయ్యాయా?" అని ఆవిడ అడుగుతుంటే, నెరిసిన జుట్టుతో వరుసగా కూర్చున్న మన కాలేజీ ఫుట్‌బాల్ జట్టువాళ్ళం ఒకరి ముఖాలు ఒకరం చూసుకున్నాం.

జనం బాగా వచ్చారు. రాజోలు, ముమ్మిడివరం, రావులపాలెం నుంచి సరే, నరసాపురం వైపు నుంచి పంటు మీద గోదావరి దాటి వచ్చినవాళ్ళు కూడా ఉన్నారు. ఎక్కువమంది ఆయన దగ్గర కామర్స్ చదివినవాళ్ళే. బ్యాంకు ఉద్యోగులు, రైసు మిల్లు గుమాస్తాలు, సహకార సంఘాల కార్యదర్శులు, ఆడిటర్లు. అందులో ఒక కుర్రాడు, మాస్టారు రిటైరయ్యే ముందు ఏడాది పాఠం విన్నవాడు, గోడ మీది మన జట్టు ఫోటో చూసి, "మాస్టారు ఫుట్‌బాల్ కూడా ఆడించేవారా అండీ?" అని అడిగాడు. అతని తప్పేమీ లేదు. అప్పటికి మన గ్రౌండులో గోల్ స్తంభాలు కూడా లేవు. కానీ నాకు కడుపులో కలుక్కుమంది. ఆయనలో సగం మనిషే ఆ కుర్రాడికి తెలుసు. మిగతా సగం మన దగ్గరే ఉంది కదా. ఆ రాత్రే నీకు రాయాలనిపించింది.

అందరూ వెళ్ళాక పెద్దబ్బాయి నన్ను లోపలి గదిలోకి తీసుకెళ్ళి బీరువా తెరిచాడు. ఆ పుస్తకాలు గుర్తున్నాయా? కిరాణా కొట్లో వాడే పొడవాటి పద్దుల పుస్తకాలు, ఎర్రగుడ్డ అట్టవి. ఒక్కటి కూడా పోలేదు. ప్రతి ఆటగాడికీ ఒక ఖాతా. ఎడమవైపు డెబిట్, కుడివైపు క్రెడిట్, మధ్యలో స్కేలు పెట్టి గీసిన ఎర్ర గీత. నీ ఖాతా తీశాను. ఒక పద్దు ఇలా ఉంది: "గోలీ బంతిని పట్టుకుని, తన్నకుండా, చేత్తో నేల మీదుగా లెఫ్ట్ బ్యాక్‌కు దొర్లించాడు. బాగుంది." ఆ "బాగుంది" కింద గీత కూడా గీశారు. క్లాసులో మాస్టారి నోటి నుంచి ఆ మాట ఎంతమంది విన్నారు చెప్పు?

తరువాత తరువాత ఎంతోమంది శిక్షకులను చూశాను. గోల్ కొట్టినవాడి పేరు రాసుకోనివాడు ఒక్కడూ కనిపించలేదు. మన మాస్టారి పుస్తకంలో మాత్రం అది తలకిందులు. వ్యక్తిగత ఖాతాల సూత్రం ఆయన చెప్పిన మొదటి పాఠం కదా: పుచ్చుకున్నవాడికి డెబిట్, ఇచ్చినవాడికి క్రెడిట్. దాన్ని యథాతథంగా గ్రౌండులోకి తెచ్చేశారు. బంతి అందుకుని గోల్ కొట్టినవాడు పుచ్చుకున్నవాడు, కాబట్టి అతని ఖాతాలో డెబిట్. బంతి అందించినవాడి ఖాతాలో జమ. అందించినవాడికి దాన్ని ఎవరిచ్చారో, అక్కడ మరో పద్దు. అలా వెనక్కి వెళ్తూ వెళ్తూ నీ దాకా వచ్చేవారు, గోల్ స్తంభాల మధ్య నిలబడ్డ నీ దాకా.

ఆ భీమవరం మ్యాచ్ తరువాత బస్సులో జరిగింది నీకూ గుర్తుండే ఉంటుంది. మన సెంటర్ ఫార్వర్డ్ రెండు గోల్స్ కొట్టి, చొక్కా విప్పి భుజాన వేసుకుని, సీట్లో కూర్చోకుండా బస్సంతా తిరుగుతున్నాడు. మాస్టారు పుస్తకం తెరిచి అతన్ని పిలిచారు. వేలితో ఎడమవైపు రెండు పద్దులూ చూపించారు. కుడివైపు ఖాళీ. "నువ్వు జట్టుకు రెండు గోల్స్ బాకీ ఉన్నావు నాయనా. ఎప్పుడు తీరుస్తావు?" అన్నారు. కోపం లేదు, వెక్కిరింత లేదు, బాకీ గుర్తుచేసే మర్యాదస్తుడిలా అడిగారు. అతను ఆ పేజీ చాలాసేపు చూశాడు. తరువాతి మ్యాచ్‌లో గోలీ ఒక్కడే ఎదురుగా ఉన్నా, పక్కన ఖాళీగా నిలబడ్డ లెఫ్ట్ వింగర్‌కు బంతి నెట్టాడు చూడు! కుడివైపు మొదటి పద్దు అదే. మొన్న తేదీతో సహా చూశాను.

1986 జూన్ 29న ఆయన ఇంట్లో ప్రపంచకప్ ఫైనల్ చూశాం. మన గడియారంలో రాత్రి పదకొండున్నరకు మొదలైంది. నలుపు తెలుపు టీవీ, మేడ మీద యాంటెన్నా పట్టుకుని వంతులవారీగా ఒకరు. అర్జెంటీనా రెండు గోల్స్ ముందుంది, పశ్చిమ జర్మనీ రెండూ తీర్చేసింది. ఇక ఆరేడు నిమిషాలే ఉందనగా మైదానం మధ్యలో, చుట్టూ జర్మన్లు కమ్ముకున్నప్పుడు, మారడోనా బంతిని ఆపకుండానే ముందుకు తోశాడు. బుర్రుచాగా ఒంటరిగా పరిగెత్తుకెళ్ళి కొట్టాడు. 3-2. మనం గెంతుతున్నాం, మాస్టారు కలం వెతుక్కుంటున్నారు. ఆ పద్దు కూడా ఉందిరా పుస్తకంలో! బుర్రుచాగా ఖాతా డెబిట్, మారడోనా ఖాతా క్రెడిట్. కింద ఒక వాక్యం: "ఫైనల్లో ఇతను ఒక్క గోల్ కూడా కొట్టలేదు." అంతకు వారం ముందు ఇంగ్లండ్ మీద సగం మైదానం ఒంటరిగా పరిగెత్తి కొట్టిన గోల్ గురించి దేశాలన్నీ మాట్లాడుతుంటే, మాస్టారికి ఈ ఒక్క పాసే కావలసివచ్చింది. ఆయనే సరి అని నాకు ఇప్పటికీ గట్టి నమ్మకం.

ఈ చూపు ఆయనకు హైదరాబాద్‌లో అబ్బిందనుకుంటాను. ఎం.కాం. చదివే రోజుల్లో హాస్టల్ నుంచి నడిచి వెళ్ళి సిటీ పోలీసు జట్టు సాధన చూసేవారట. రహీం సాబ్ పేరెత్తితే ఆయన కూర్చున్నచోట కూర్చునేవారు కాదు. సయ్యద్ అబ్దుల్ రహీం స్కూల్ టీచరు, ఆ పోలీసు జట్టుకూ భారత జట్టుకూ శిక్షకుడు. 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదేళ్ళు రోవర్స్ కప్పు ఆ పోలీసు జట్టుదే. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో భారత్‌కు నాలుగో స్థానం. 1962 జకార్తా ఏషియాడ్ ఫైనల్లో దక్షిణ కొరియా మీద 2-1. అప్పటికే ఆయనకు క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో పోయారు. బలహీనమైన కాలితోనే ఆడాలని, డ్రిబ్లింగ్ చేయకూడదని ఆయన ప్రత్యేకంగా పోటీలు పెట్టేవారట. మనచేత మాస్టారు నెలల తరబడి ఎడమ కాలితో ఆడించింది అక్కడి విద్యే. "ఆయన కూడా పంతులే, నేనూ పంతులునే" అనేవారు. ఆ మాట అనేటప్పుడు గొంతులో ఎంత గౌరవం ఉండేదో నీకు తెలుసు.

గ్రౌండులోకి లెక్కలు వచ్చినట్టే క్లాసులోకి ఫుట్‌బాల్ వచ్చేది. తరుగుదల పాఠం రోజు బంతిని తెచ్చి బల్ల మీద పెట్టారు. వానాకాలమంతా బురదలో నానిన తోలు బంతి, కుట్ల దగ్గర పొట్టు లేచిపోయి ఉంది. బొటనవేలితో నొక్కి చూపించి, "ఇది 200 రూపాయలకు కొన్నాం. ఏటా ఒకేలా అరిగిందా, మొదటి ఏడాదే ఎక్కువ అరిగిందా?" అని అడిగారు. మొదటి ఏడాదే అన్నాం. అయితే 50 శాతం చొప్పున తగ్గుతున్న నిల్వల పద్ధతిలో, అంటే ఏటా మిగిలిన విలువ మీదే, లెక్క కట్టమన్నారు. మొదటి ఏడాది 100, తరువాత 50, తరువాత 25. "గోల్ స్తంభాలకు మాత్రం ఏటా ఒకే మొత్తం తీసెయ్యండి, టేకు కర్ర నిదానంగా పోతుంది." ఆ పాఠం మళ్ళీ ఎవరూ చెప్పనక్కరలేకపోయింది. అంబాజీపేట కొబ్బరి వ్యాపారి ఖాతాలు తెప్పించి దింపు దింపుకీ సరకు నిల్వ విలువ కట్టించింది కూడా ఆ ఏడే.

1986 ఆగస్టులో వరద వచ్చింది. ధవళేశ్వరం దగ్గర 35 లక్షల క్యూసెక్కులు దాటిన వరద. ఏటిగట్లు తెగి లంకలన్నీ మునిగాయి. మాస్టారు మనల్ని గ్రౌండుకు పిలిచినట్టే పిలిచారు, వెళ్ళాం, నావల్లో బియ్యం, కిరసనాయిలు, గొంగళ్ళు మోశాం. దాని గురించి ఎక్కువ రాయను, నువ్వూ నావలోనే ఉన్నావు. నీకు తెలియనిది ఒకటి మొన్న చూశాను. చందాల పుస్తకం కూడా ఆ బీరువాలోనే ఉంది. చివర నలభై పైసలు తేడా వచ్చింది. దాన్ని అనామతు ఖాతాలో, అంటే తేలని తేడాలు తాత్కాలికంగా ఉంచే ఖాతాలో, వేసి, పక్కన పెన్సిల్‌తో ఎక్కడెక్కడ వెతికారో రాసుకున్నారు. పదిరోజుల తరువాత దొరికింది: ఒక పడవ కూలీ రసీదు రెండుసార్లు ఎక్కించారు. కొట్టేసి, తేదీ వేసి, సంతకం పెట్టారు. ఎవరూ అడగని లెక్క అది. మునిగిన ఊళ్ళ పేరున వచ్చిన డబ్బు కాబట్టి ఆయనకు నిద్రపట్టలేదని అమ్మగారు చెప్పారు.

ఆయన ఇష్టపడని మాట ఒకటి కూడా రాస్తాను. ఆయన చేసినదానికి కాలేజీ చేయవలసినంత చేయలేదు. బంతులకు మంజూరు చేసేది సీజనుకు సగానికే సరిపోయేది, మిగతాది ఆయన జీతంలోంచే. పుస్తకాల్లో ఆ పద్దులు "దాత" అని ఉన్నాయి, పేరు లేదు. చేతిరాత, తేదీలు, జీతం రోజు కలిపి చూస్తే తెలిసిపోతుంది. ఇచ్చినవాడికి జమ రాయడం మనకు నేర్పిన మనిషి తన ఖాతా ఒక్కటి తెరవలేదు. నాకది ఇప్పటికీ మింగుడుపడదు.

అందుకే పెద్దబ్బాయితో మాట్లాడాను. పుస్తకాలు పారేయడం లేదు, అట్టలు మళ్ళీ కుట్టించి మా ఇంట్లో పెడుతున్నాను. వాళ్ళ వీధి చివరి బడిలో ఆడపిల్లలు సాయంత్రాలు ఫుట్‌బాల్ ఆడుతున్నారు, పాత టెన్నిస్ బంతితో. వాళ్ళకు బంతులు, రెండు నెట్లు, బూట్లు కొనాలని మన జట్టువాళ్ళం అనుకున్నాం. నీ వంతు ఎంతో నువ్వే చెప్పు, తొందరేమీ లేదు, ముందు మోకాలు బాగవ్వాలి. లెక్క నేను రాస్తాను, రసీదులు కూడా పంపుతాను. పద్దుల్లో ఈసారి "దాత" అని ఉండదు, మాస్టారి పేరే ఉంటుంది.

ఇంకొక పని. మన సెంటర్ ఫార్వర్డ్ విశాఖలో ఉన్నాడని ఎవరో అన్నారు గానీ ఫోన్ నంబరు ఎవరి దగ్గరా లేదు. నీకు తెలిస్తే రాయి. అతని ఖాతా చివరి పేజీలో కుడివైపు మొత్తం ఎడమవైపు కంటే పెద్దదిగా తేలింది. అది అతనికి ఎవరైనా చెప్పాలి కదా.

చెల్లెమ్మకు, పిల్లలకు నా ఆశీస్సులు. ఉత్తరం అందగానే జవాబు రాయి.

నీ
లెఫ్ట్ బ్యాక్