ఫిట్స్ వస్తే చేతిలో తాళాలు పెట్టకండి

సంపాదకుడు గారికి,

నమస్కారం. పోయిన వారం సాయంత్రం ఆరున్నరకి చెన్నై సెంట్రల్ ఎదురుగా ఉన్న పార్క్ స్టేషన్‌లో తాంబరం లోకల్ కోసం నిలబడి ఉన్నాను. పది అడుగుల దూరంలో పాతికేళ్ల కుర్రాడు ఒక్కసారిగా కొయ్యబారిపోయి కింద పడ్డాడు. కాళ్లూ చేతులూ కొట్టుకుంటున్నాయి, నోటి వెంట నురగ. నిమిషం తిరక్కుండా పాతికమంది మూగారు. "చావి కుడుంగ, చావి కుడుంగ" (తాళాలు ఇవ్వండి) అని ఒకరు తమిళంలో అరిస్తే, "ఇనప ముక్క ఏదైనా ఉంటే ఇవ్వండమ్మా" అని మన తెలుగు పెద్దాయన ఒకరు. ఎవరివో బండి తాళాలు ఆ కుర్రాడి గుప్పిట్లో కుక్కారు. ఇద్దరు భుజాలు అదిమిపట్టారు. ఆ పెద్దాయన తన టిఫిన్ క్యారియర్‌లోంచి స్టీలు చెంచా తీసి పళ్ల మధ్య దూర్చబోతుంటే నేను చెయ్యి పట్టుకుని ఆపాను. ఆయన చెయ్యి వణుకుతోంది. "నాలుక మింగేస్తాడమ్మా" అన్నారు, కళ్లల్లో నీళ్లతో.

మా తమ్ముడికి ఎనిమిదో ఏట నుంచి ఫిట్స్ ఉన్నాయి. అందుకే నాకు ఈ సంగతులు తెలుసు. నాలుకని ఎవరూ మింగలేరు. చెంచా పెడితే పళ్లు విరుగుతాయి, విరిగిన ముక్క గొంతుకి అడ్డం పడవచ్చు. వేలు పెడితే వేలే తెగుతుంది. తాళాల సంగతికొస్తే, చాలాసార్లు ఫిట్స్ రెండు మూడు నిమిషాల్లో దానంతట అదే ఆగిపోతుంది. తాళాలు వెతికి తెచ్చి చేతిలో పెట్టేసరికి ఆ టైమ్ ఎలాగూ అయిపోతుంది కాబట్టి ఇనుము వల్లే తగ్గిందని జనం నమ్ముతారు. తరతరాలుగా ఆ నమ్మకం అలా నిలబడిపోయింది.

చెయ్యాల్సింది చాలా తక్కువ. చుట్టూ గుచ్చుకునేవి, తగిలేవి తీసెయ్యాలి. తల కింద తువ్వాలో బ్యాగో పెట్టి, కాలర్ వదులు చెయ్యాలి. గడియారం చూసుకోవాలి. కొట్టుకుంటుంటే గట్టిగా పట్టుకోకూడదు. వీలవగానే మెల్లగా పక్కకి తిప్పి పడుకోబెడితే నురగా ఉమ్మీ బయటికి పోతాయి, ఊపిరికి అడ్డం పడవు. వణుకు ఆగాక ఊపిరి ఆడుతోందా లేదా చూడాలి. పూర్తిగా తెలివి వచ్చేదాకా చుక్క నీళ్లు కూడా పొయ్యకూడదు. ఐదు నిమిషాలు దాటినా, తెలివి రాకుండానే మళ్లీ వచ్చినా, గర్భిణి అయినా, అదే మొదటిసారి అయినా వెంటనే 108కి ఫోన్ చెయ్యాలి.

ఆ రోజు నేను అరిచి, బతిమాలి జనాన్ని వెనక్కి జరిపాను. ఒక కాలేజీ అమ్మాయి తన చున్నీ మడిచి తల కింద పెట్టింది. కాసేపటికి అతను కళ్లు తెరిచి, చుట్టూ ఉన్న మమ్మల్ని చూసి సిగ్గుతో ముడుచుకుపోయాడు. మా తమ్ముడి ముఖంలో ఎన్నోసార్లు చూసిన సిగ్గే అది. నేను తట్టుకోలేకపోయాను.

అక్కడున్నవాళ్లలో మనసు లేనివాళ్లు ఒక్కరూ లేరు. తెలియదు, అంతే. ఇళ్లల్లోనూ ఇదే కథ. చెయ్యి కాలితే టూత్‌పేస్టో సిరానో పూస్తారు, ఐసు పెడతారు. ఇరవై నిమిషాలు కుళాయి కింద పెట్టడమే దానికి మందు. మనిషి ఉలుకూ పలుకూ లేకుండా, ఊపిరి ఆడకుండా పడి ఉంటే ముఖాన నీళ్లు చల్లుతూ కూర్చుంటారు. అప్పుడు ఎవరో ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే ఛాతీ మధ్యలో రెండు అరచేతులూ ఒకదాని మీద ఒకటి పెట్టి నిమిషానికి 100 నుంచి 120 సార్లు గట్టిగా నొక్కాలి, అంబులెన్స్ వచ్చేదాకా. రోడ్డు ప్రమాదమైతే పోలీసు గొడవ అని వెనకాడతారు. 2019లో మోటారు వాహనాల చట్టాన్ని సవరించి, సాయం చేసినవాళ్ల మీద కేసు పడకుండా రక్షణ ఇచ్చారు. మన తమిళనాడులో 2021 డిసెంబరు నుంచి ప్రమాద బాధితులకి మొదటి 48 గంటల వైద్యం ఉచితంగా అందించే పథకం కూడా నడుస్తోంది. ఇవి మన వీధుల్లో ఎంతమందికి తెలుసు?

చెన్నైలో తెలుగు సంఘాలకి కొదవ లేదు. ఉగాదికి కవి సమ్మేళనం, పిల్లలకి పద్యాల పోటీలు పెడుతున్నారు, సంతోషం. అదే హాల్లో ఒక్క పూట రెడ్‌క్రాస్ వాళ్లనో సెయింట్ జాన్ అంబులెన్స్ వాళ్లనో పిలిచి బొమ్మ మీద ఛాతీ నొక్కడం, మనిషిని పక్కకి తిప్పడం చేయించి చూపించమని కోరుతున్నాను. చూస్తే చాలదు, ప్రతి ఒక్కరూ ఒకసారి చేత్తో చెయ్యాలి. రైల్వేవాళ్లు ప్రతి ప్లాట్‌ఫారం మీదా తమిళం, తెలుగుతో సహా బొమ్మల బోర్డు ఒకటి పెట్టాలి. మీ పత్రికని అడిగేది కూడా ఒకటుంది. వారానికొక బొమ్మ, కింద పెద్ద అక్షరాల్లో నాలుగు లైన్లు వెయ్యండి. కత్తిరించి వంటింటి గోడకి అంటించుకుంటాం.

ఇట్లు,
ఒక పాఠకురాలు,
కొరుక్కుపేట, చెన్నై