సీఎస్‌ఆర్ కింద యంత్రాలే కాదు, జీతాలూ అడగండి

సంపాదకుల వారికి నమస్కారం.

కంపెనీలు తమ లాభంలోంచి సమాజ సేవకు ఖర్చు పెట్టాల్సిన సీఎస్‌ఆర్ డబ్బంతా పేరున్న పెద్ద సంస్థలకే పోతోందని, చిన్న స్వచ్ఛంద సంస్థల్ని కంపెనీలు గుమ్మం ఎక్కనివ్వవని తరచూ వింటుంటాం. అందులో చాలా వరకు నిజమే. కాకపోతే నేను అడిగించుకున్న చోటా ఉన్నాను, అడిగే చోటా ఉన్నాను. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక తయారీ కంపెనీ అకౌంట్స్ విభాగంలో ఉన్నాను. సాయం కోరుతూ వచ్చే దరఖాస్తులు పైకి వెళ్లే ముందు నా బల్ల మీదకే వచ్చేవి. రిటైరయ్యాక వినికిడి లోపం ఉన్న పిల్లల కోసం నడిచే ఒక చిన్న సంస్థకు లెక్కలు చూసిపెడుతున్నాను.

దరఖాస్తులు ఎలా ఉండేవంటే, నాలుగు పేజీలు సంస్థ చరిత్ర, రెండు పేజీలు అధ్యక్షుల వారి సన్మానాల ఫోటోలు, చివర్లో 'తమకు తోచిన సాయం చేయగలరు' అని ఒక వాక్యం. తోచిన సాయం అంటే ఎంత? ఏ పనికి? ఎప్పటిలోగా? అది చదివిన గుమస్తా పైఅధికారికి ఏమని రాసి పంపాలి? మంచి పని చేస్తున్న వాళ్ల కాగితాలు కూడా అలాగే ఫైల్లో పడి ఉండిపోయేవి. పైగా అందరూ రాసేది ఆ నాలుగైదు పెద్ద కంపెనీలకే.

2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ ప్రకారం 500 కోట్ల నికర విలువ గానీ, 1,000 కోట్ల టర్నోవర్ గానీ, 5 కోట్ల నికర లాభం గానీ ఉంటే చాలు, ఆ కంపెనీ మూడేళ్ల సగటు లాభంలో 2 శాతం ఖర్చు పెట్టాల్సిందే. మూడూ ఉండక్కర్లేదు, ఒక్కటి చాలు. అంటే మనం పేరు కూడా వినని మధ్యస్థాయి ఫ్యాక్టరీ కూడా ఇందులోకి వస్తుంది. సగటు లాభం 5 కోట్లయితే ఏటా 10 లక్షలు. ఖర్చు చేయాల్సింది 50 లక్షలు దాటకపోతే సీఎస్‌ఆర్ కమిటీ కూడా అక్కర్లేదు, బోర్డే తేల్చేస్తుంది. తాము పనిచేసే చుట్టుపక్కల ప్రాంతాలకు ప్రాధాన్యం ఇవ్వాలని కూడా చట్టంలోనే ఉంది. చిన్న సంస్థలు తట్టాల్సిన తలుపు ఇది. ఈ మొత్తం ఎవరి చేతిలో పెట్టాలో తెలియక మార్చిలో తల పట్టుకునే ఫైనాన్స్ మేనేజర్లను నేను చూశాను. అలాగని మార్చిలో పరిగెత్తకండి. అప్పుడు దొరికితే మిగిలిన చిల్లరే. ఏడాది పొడవునా సాగే పనైతే వాళ్లు వార్షిక ప్రణాళిక వేసుకునే ముందే వెళ్లాలి.

కాగితాల సంగతి క్లుప్తంగా చెబుతాను. ఆదాయపు పన్ను శాఖ ఇచ్చే 12ఏ, 80జీ రిజిస్ట్రేషన్లు, అలాంటి పనిలో మూడేళ్ల అనుభవం, కార్పొరేట్ వ్యవహారాల శాఖ దగ్గర నమోదైతే వచ్చే, 2021 ఏప్రిల్ 1 నుంచి తప్పనిసరైన సీఎస్‌ఆర్-1 నంబరు. ఇవి లేకపోతే కంపెనీకి మనసున్నా తన ప్రాజెక్టును మీ చేతికి అప్పగించడం కుదరదు. ఇంకొకటి, 'మీ బ్యానర్ పెద్దగా కడతాం' అని ఆశ పెట్టడం మానండి. మార్కెటింగ్ లాభం కోసం చేసే స్పాన్సర్‌షిప్ సీఎస్‌ఆర్ లెక్కలోకి రాదు. అది ప్రకటనల విభాగాన్ని అడగాల్సిన డబ్బు.

అసలు నేను చెప్పాలనుకున్నది జీతాల గురించి.

మా సంస్థలో శబ్దం చొరబడని చిన్న గది ఒకటి ఉంది. లోపల వినికిడి పరీక్ష చేసే ఆడియోమీటర్. రెండూ ఒక కంపెనీ ఇచ్చినవే, తలుపు మీద ఇత్తడి ఫలకం కూడా ఉంది. ప్రారంభోత్సవం నాడు రిబ్బన్ పట్టుకోవడానికి జనం సరిపోయారు. పరీక్ష చేయాల్సిన ఆడియాలజిస్టు మాత్రం వారానికి ఒక్క పూట వస్తారు, మేం ఇవ్వగలిగింది అంతే. మిగతా రోజుల్లో గదికి తాళం. పిల్లను చంకనేసుకుని వచ్చిన తల్లికి 'వచ్చే వారం రండమ్మా' అని చెప్పి పంపాల్సి వస్తుంది. ఆమెకు మళ్లీ ఒక రోజు కూలి పోతుంది. ఆ యంత్రానికి ఏటా కాలిబ్రేషన్, అంటే సరిగ్గా కొలుస్తోందో లేదో సరిచూసే పని చేయించాలి, ఆ ఖర్చూ ఎవరి లెక్కలోనూ లేదు.

జీతానికి సాయం చేయమని అదే కంపెనీని అడిగితే, 'నిర్వహణ ఖర్చులు 5 శాతం మించకూడదని రూలుంది, జీతాలు కుదరవు' అన్నారు. ఇది చాలా కంపెనీలు చెప్పే మాటే, చాలా సంస్థలు నమ్మే మాటే. కానీ ఆ 5 శాతం హద్దు కంపెనీ తన సీఎస్‌ఆర్ వ్యవహారాలు నడుపుకోవడానికి పెట్టుకునే ఖర్చుకు. ఒక ప్రాజెక్టు అమలుకు నేరుగా అయ్యే ఖర్చుకు కాదు. 2021 ఆగస్టులో కార్పొరేట్ వ్యవహారాల మంత్రిత్వ శాఖ విడుదల చేసిన ప్రశ్నోత్తరాల్లో బడి ఉదాహరణ ఇచ్చి మరీ చెప్పారు, టీచర్ల జీతం విద్యా ప్రాజెక్టు ఖర్చేనని. టీచరుకు వర్తించింది పిల్లలకు పరీక్ష చేసే ఆడియాలజిస్టుకు, మాటలు నేర్పే స్పీచ్ థెరపిస్టుకు ఎందుకు వర్తించదు?

ఇందులో మన చేతిలో ఉన్నదీ కొంత ఉంది. బడ్జెట్లో 'జీతాలు' అని విడిగా ఒక పద్దు వేసి, దాన్ని ఆఫీసు అద్దె, కరెంటు బిల్లు పక్కన కూర్చోబెడితే చూసేవాళ్లకు అది నిర్వహణ ఖర్చుగానే కనిపిస్తుంది. నేనిప్పుడు అలా రాయను. ఒక బిడ్డకు పరీక్ష చేసి, చెవి అచ్చు తీసి, వినికిడి మెషిన్ అమర్చి, ఏడాదిపాటు మాటలు నేర్పడానికి మొత్తం ఎంతవుతుందో వేస్తాను. అందులోనే ఆడియాలజిస్టు, థెరపిస్టు జీతాలు, కాలిబ్రేషన్ ఖర్చు కలిసి ఉంటాయి. ఎంతమంది పిల్లలో చెప్పి, అంతకు అంత అడుగుతాను. లెక్క అడిగితే రసీదులతో సహా విడదీసి చూపిస్తాను. ఈ పద్ధతిలో రాసిన దరఖాస్తుకు ఒక ఫ్యాక్టరీ ఎండీ నుంచి ఫోనొచ్చింది. డబ్బు ఇంకా రాలేదు, కానీ ఆయన అడిగిన మొదటి ప్రశ్న 'థెరపిస్టు దొరుకుతారా?' అని. యంత్రం ఇచ్చిన వాళ్లు ఎన్నడూ అడగని ప్రశ్న అది.

కంపెనీల వారికి ఒక విన్నపం. మీ సీఎస్‌ఆర్ విధానం, ఆమోదించిన ప్రాజెక్టులు వెబ్‌సైట్లో పెట్టాలని నిబంధన ఉంది కాబట్టి పెడుతున్నారు. ఆ పేజీలోనే దరఖాస్తులు ఏ నెలలో తీసుకుంటారో, ఎవరికి పంపాలో, జీతాలకు ఇస్తారో ఇవ్వరో రాయండి. ఇవ్వకపోతే ఎందుకివ్వరో కూడా రాయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత అకౌంట్స్ ఉద్యోగిని