మంచు కొండల మీద కౌలు లెక్కలు

ఒరేయ్ శ్రీనూ,

రోజు టికెట్‌కి మూడొందల డాలర్లు గుంజే స్కీ రిసార్ట్‌లకి నష్టాలేంట్రా అని అడిగావు కదా. పెద్ద కొండల్లో ఆ ధర పెట్టేది నువ్వు కొంటావని కాదు, చూసి బెదిరి సీజనంతా పనికొచ్చే పాస్ ముందే కొంటావని.

ఈ ఎత్తుగడ వెయిల్ రిసార్ట్స్ అనే కంపెనీది. 2008లో తన కొండలన్నిటికీ పనికొచ్చే ఎపిక్ పాస్‌ని 579 డాలర్లకే దింపింది. అప్పటిదాకా పెద్ద కొండల సీజన్ పాస్ చాలా ఖరీదు, ఎక్కువగా ఆ చుట్టుపక్కల వాళ్లే కొనేవాళ్లు. అమ్మకాలు వసంతంలో మొదలై డిసెంబరు మొదట్లో ఆగిపోతాయి. మంచు పడేసరికే డబ్బు ఖాతాలో ఉంటుంది, పడకపోతే ఆ తంటా నీది. 2018లో ఆల్టెరా అనే ఇంకో కంపెనీ ఐకాన్ పాస్‌తో పోటీకి దిగింది. ఇక మిగతా కొండలు ఈ ఇద్దరిలో ఎవరో ఒకరి పంచన చేరాలి, లేదా పక్క ఊళ్ల జనాన్నే నమ్ముకోవాలి.

మీ న్యూజెర్సీ కొండల బాధ ఇంకోటి. ఎత్తు తక్కువ కాబట్టి మంచు తయారుచేసుకోవాల్సిందే. ఎకరం నేల మీద అడుగు మందాన మంచు పరవాలంటే సుమారు 6 లక్షల లీటర్ల నీళ్లు, వాటికి తోడు పంపుల కరెంటు, కంప్రెసర్ల ఖర్చు. చలి ఒక్కటే ఉంటే చాలదు, తడి బల్బు ఉష్ణోగ్రత, అంటే గాలిలో తేమని కూడా లెక్కలోకి తీసుకున్న చలి, -2 డిగ్రీల దగ్గరికి రావాలి. గాలి పొడిగా ఉంటే థర్మామీటర్ 0 చూపించినా యంత్రాలు పనిచేస్తాయి, తేమగా ఉంటే -1లో కూడా పనికిరావు. ఇంత చేశాక ఒక్క రాత్రి వెచ్చటి వాన కురిసిందంటే సగం కొట్టుకుపోతుంది. అదీ క్రిస్మస్ వారంలో పడితే ఆ ఏడాది గోవిందా, ఎందుకంటే వీళ్లు ఏడాది తిండి సంపాదించుకునేది ఆ వారంలోనూ, జనవరి, ఫిబ్రవరిల్లో వచ్చే రెండు లాంగ్ వీకెండ్‌లలోనూ. జనం రాకపోయినా, వాళ్లని కొండపైకి మోసే లిఫ్ట్‌ల తనిఖీలు, బీమా, అప్పు వాయిదాలు ఆగవు.

మీ న్యూజెర్సీలోనే వెర్నన్‌లో ఉన్న మౌంటెన్ క్రీక్ రిసార్ట్ 2017 మేలో చాప్టర్ 11 (వ్యాపారం నడుపుతూనే అప్పులు సర్దుకునే) దివాలా పిటిషన్ వేసింది. దాని మెడకి చుట్టుకున్న వాటిలో మురుగునీటి సంస్థకి కట్టాల్సిన బాకీ ఒకటి! హోటళ్లు, ఇళ్లు బోలెడు కడతామని ముందే లెక్కలేసుకుని, వాటికి సరిపడా మురుగునీటి ఏర్పాటుకి ఒప్పుకుంటే ఇలాగే ఉంటుంది.

యూటాలోని పార్క్ సిటీ సంగతి మాత్రం చెప్పి తీరాలి. అక్కడ పౌడర్ అనే కంపెనీ రిసార్ట్ నడిపేది, పైకొండ భూమి మాత్రం టాలిస్కర్ అనే ఇంకో కంపెనీది. కౌలు ఏడాదికి 1,55,000 డాలర్లే, అంత కొండకి అది చిల్లర కింద లెక్క. 2011లో పౌడర్ పొడిగింపు నోటీసు గడువులోపు ఇవ్వలేకపోయింది. అంతే, వ్యవహారం కోర్టుకెక్కింది. ఈలోగా 2013లో వెయిల్ వచ్చి, పక్కనే ఉన్న కాన్యన్స్ రిసార్ట్‌ని అదే టాలిస్కర్ దగ్గర ఏడాదికి 2.5 కోట్ల డాలర్లకు కౌలుకి తీసుకుని, ఈ దావా పగ్గాలూ పట్టుకుంది. 2014 మేలో తీర్పు పౌడర్‌కి ఎదురొచ్చింది. కానీ కింద లిఫ్ట్‌లు మొదలయ్యే చోటు, పార్కింగ్, మంచు తయారీకి కావాల్సిన నీటి హక్కులు పౌడర్‌వే. పొలం ఒకడిది, బావి ఇంకొకడిది అన్నమాట. చివరికి ఆ సెప్టెంబరులో 18.25 కోట్ల డాలర్లకు పౌడర్ తన వాటా వెయిల్‌కే అమ్ముకుంది. మరుసటి ఏడాది రెండు కొండల్నీ గొండోలాతో (తీగ మీద వేలాడుతూ వెళ్లే పెట్టెలతో) కలిపి 7,300 ఎకరాలు చేశారు. నోటీసు మీద ఓ గుమాస్తా కన్నేసి ఉంటే ఇదంతా జరిగేదా!

ఇక నీ పాస్ సంగతి. ఏడాదికి రెండు మూడు రోజులకి పూర్తి ఎపిక్ దండగ. ముందే కొనుక్కునే ఎపిక్ డే పాస్ చూడు, 1 నుంచి 7 రోజుల దాకా ఉంటుంది. చవక రకంలో పెద్ద పేరున్న కొండలు రావు, సెలవు రోజులు కలిపితే ధర పెరుగుతుంది. మీకు దగ్గర్లో జాక్ ఫ్రాస్ట్, హంటర్ రెండూ వెయిల్‌వే, 2019లో పీక్ రిసార్ట్స్‌ని కొన్నప్పుడు వచ్చాయి. ఏ రకంలో ఏవి వస్తాయో చూసుకుని మరీ డబ్బు కట్టు.

పిల్లలకి మొదటిసారయితే ఏ పాసూ వద్దు. లిఫ్ట్, అద్దె బూట్లు, పాఠం కలిపిచ్చే ప్యాకేజీ తీసుకుని స్కూలు సెలవు లేని వారం మధ్యలో వెళ్లు. గ్లవ్స్ సాధారణంగా అద్దెకివ్వరు, ఇంటి దగ్గరే కొనుక్కో.

నీ
మురళి